మన రంజాన్ కిట్టూ ఒక అమ్మాయి చదువూ
(వార్షిక సభలో స్కాలర్‌షిప్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద ఎంతమందికి డాక్టరు సీటు వచ్చింది, ఎంతమంది ఇంజనీర్లయ్యారు అని చెబుతుంటాం. ఆ వివరాలు ఈసారి కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. మేము మా కమిటీ చేసిన ఒక పొరపాటు గురించి చెప్పదలిచాం.

రెండేళ్ల క్రితం మన బడిలోనే పదో తరగతి చదివిన ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి ఆటో నడుపుతారు. బి.ఎస్సీ. అయింది, పోషకాహార శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతానంది. "వంట నేర్చుకోవడానికి ఎం.ఎస్సీ. ఎందుకమ్మా? బి.ఇడి. చెయ్యి" అని పంపేశాం. ఆమె ఎదురు చెప్పలేదు. రంజాన్ కిట్లు కట్టే రోజు సాయానికి వచ్చింది.

ఆ రోజు కిట్టులో 10 కిలోల బియ్యం, 3 కిలోల చక్కెర, 2 కిలోల మైదా, నూనె, సేమ్యా, ఒక కిలో కందిపప్పు ఉన్నాయి. ఆమె అట్టపెట్టె మీదే లెక్క వేసి చూపింది. "సార్, ఇంట్లో ఐదుగురుంటే ఈ పప్పు నెలకు మనిషికి రోజుకు 7 గ్రాములు కూడా రాదు. చక్కెర 20 గ్రాములు వస్తుంది." ముప్పై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న మాకు ఆ భాగహారం ఎన్నడూ తట్టలేదు.

100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములైతే, కందిపప్పులో సుమారు 22 గ్రాములు. బియ్యం రేషన్ షాపులో ఎలాగూ వస్తాయి, ఆ ఇళ్లలో కరువైనది పప్పు. ఆమె మాట మీద మైదా తీసేసి, బియ్యం, చక్కెర సగానికి తగ్గించి, దాదాపు అదే ఖర్చులో కందిపప్పు పెంచి, శనగలు, వేరుశనగలు చేర్చాం.

ఆ చదువు వంట కాదని అప్పుడు తెలిసింది. శరీరంలో ఆహారం ఏమవుతుందో, జబ్బు ఎక్కడ మొదలవుతుందో, ఊరి మొత్తం తిండిని ఎలా కొలవాలో అందులో నేర్పుతారు. పొలం నుంచి సంత, రేషన్ షాపు, కంచం దాకా తిండి ఎలా వస్తుందో, ధర ఎవరి కంచంలోంచి ఏది తీసేస్తుందో కూడా అందులో భాగమే. ఈ శాస్త్రానికి మన దగ్గరే పెద్ద పీఠం ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అది.

అవసరం ఎంతో మీకు తెలుసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉదయం అసెంబ్లీలో కళ్లు తిరిగి పడిపోయే ఆడపిల్లలకు గ్లూకోజ్ నీళ్లు తాగించి కూర్చోబెడుతూ వచ్చాం. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, పప్పు, ఆకుకూరల మీద నిమ్మరసం పిండితే బాగా పడుతుందనీ మన ఇళ్ల వంటగదిలో కూర్చుని, మన అమ్మలకు అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి కావాలి.

ఈ చదువుతో వెంటనే పెద్ద జీతం వస్తుందని మేము చెప్పం. ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా, ప్రభుత్వ పోషణ పథకాల్లో, పరిశోధనలో, ఆహార పరిశ్రమలో పని దొరుకుతుంది. ఆ అమ్మాయికి మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ ఇచ్చాం. ఇప్పుడు హైదరాబాదులో మొదటి సంవత్సరం చదువుతోంది. ఆమెకు ఒక సంవత్సరం పోయింది, అది మా వల్లే.

దాతలారా, మందులకూ డయాలసిస్‌కూ మీరు ఏటా ఉదారంగా ఇస్తున్నారు. అది ఆగకూడదు. దానితో పాటు ఈ చదువుకు ఏటా ఇద్దరు పిల్లల ఫీజు, హాస్టల్ ఖర్చు మీరు భరించాలని కోరుతున్నాం. వచ్చే రంజాన్‌కు చక్కెర బస్తాలు పంపదలచినవారు ఈసారి వాటి బదులు పప్పు బస్తాలు పంపండి.

మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.