వస్త్రవ్యర్థము: దాని జన్మస్థానములు
(గోదావరిఖని వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన పద్మశాలీయులలో కొందఱు మగ్గము విడిచి యీ బొగ్గుగనుల సీమకు వచ్చి స్థిరపడిరి. కొందఱు గనులలో దిగిరి. కొందఱు కుట్టుమిషనుపై జీవించుచున్నారు. వృత్తి మాఱినను గుడ్డతోడి సంబంధము తెగలేదు. కావున గుడ్డ యెచ్చటెచ్చట వ్యర్థమగుచున్నదో విచారించుట మనకు విహితము.

మొదటి స్థానము నూలుమిల్లు. దూదిని శుభ్రపఱచి యేకునపుడు పొట్టిపోగులు రాలును. రెండవది మగ్గము. చేమగ్గమున పాత పడుగు కొనలకే క్రొత్త పడుగు నతుకుట మన పెద్దల యాచారము. అందుచే అచ్చులోని నూలు వృథగాదు. మరమగ్గములకడ కండెలపై మిగిలిన నూలును, తెగిన పోగులును, నేతతప్పులుగల గుడ్డయు ప్రోగుపడును.

మూడవది కత్తెర. చీరను, ధోవతిని మగ్గము దిగినట్లే కట్టుదుము. అందు కత్తిరింపు లేదు. చొక్కాకు మెడయు చంకలును వంపుగా కోయవలెను. ఆ వంపుల నడుమ ముక్కలు మిగులును. దుస్తుల కర్మాగారములలో నిట్లు పోవునది సాధారణముగా నూటికి 15 వంతులకు అటునిటు. నాలుగవది అమ్ముడుపోని సరకు. ఐదవది మన యింటి బీరువా.

సంస్కృతమున కంథ, తెనుగున బొంత. పూర్వము చినిగిన చీర బొంతయై, బొంత మసిగుడ్డయై, తుదకు మన్నయ్యెడిది. నేడు పాలియెస్టరు అట్లు మన్నుగాదు. కాల్చినచో హానికరమగు పొగ గ్రమ్మును. 2017 తరువాత సిరిసిల్ల మరమగ్గములపై నేసిన బతుకమ్మ చీరలలో పాలియెస్టరే ప్రధానము. అది వేలమందికి కూడుపెట్టినది, దానిని నిందింపము. కాని నూలుతో కలిసిన పాలియెస్టరును మరల విడదీయుట మిక్కిలి కష్టము.

గనుల వర్కుషాపులలో యంత్రములు తుడుచు కాటన్ వేస్టు ఇట్టి మిగులు నూలే. అది నూనెను, తడిని గూడ పీల్చును. పాలియెస్టరుకు తడి పట్టదు. రెండును ఒకే గోనెలో పడిన యెడల నూలు తన విలువ గోల్పోవును. వ్యర్థమునకు మూలము గుడ్డకంటె మన కలగాపులగమే. యూరపు సమాఖ్య దేశములలో 2025 జనవరి 1 నుండి జీర్ణవస్త్రములను వేఱుగా సేకరింపవలయునను నియమము వచ్చినది.

కావున మా ప్రార్థన యిది. కుట్టుపని చేయు ప్రతి సోదరియు రెండు సంచులుంచవలెను: ఒకటి నూలుముక్కలకు, వేఱొకటి తక్కినవానికి. పోషకులొక గది నిచ్చినచో సంఘము నెలకొకమాఱు సేకరించి విక్రయింపవచ్చును. ఆ సొమ్ము బీదవిద్యార్థుల పుస్తకములకు వినియోగమగుగాక. పోగును పోగొట్టుకొనని కులమున పుట్టిన మనకు ముక్కను పాఱవేయుట తగదని మనవిచేసి విరమించుచున్నాము.