గనులున్నను పరాధీనత యేల?

(పట్టణ పఠనమందిరమున నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



1909వ సంవత్సరమున షోంబర్గ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు, తిరువాన్కూరునుండి వచ్చిన కొబ్బరిపీచున కంటియున్న యిసుకలో మోనజైటును కనుగొనెను. అందలి థోరియము గ్యాసుదీపముల మాంటిళ్లకు కావలసియుండెను. ఇసుక మనది, శుద్ధిచేయు విద్య పరులది. కావున లాభమును పరులదే యయ్యెను.

నూరేండ్లు దాటినవి. భీమునిపట్టణము, కళింగపట్టణము తీరములందును ఆ యిసుక కలదు. అణుఖనిజశాఖవారి లెక్క ననుసరించి దేశమందలి మోనజైటు 1 కోటి 31 లక్షల టన్నులు; అందు ఆంధ్రదేశమున నున్నది 37 లక్షల టన్నులకు పైమాటయే. అట్లుండియు, 2025 ఏప్రిలులో చైనా ప్రభుత్వము ఏడు విరళ లోహముల యెగుమతికి, వానితో చేయు అయస్కాంతముల యెగుమతికి అనుమతిపత్రము కావలెనని శాసింపగనే మన మోటారు కర్మాగారములు కలవరపడెను. మన యిసుకలో నియోడిమియము కలదు గాని, డిస్ప్రోసియము, టెర్బియము తీయదగినంత లేవు. కలదానిని సైతము వేరుపరచి అయస్కాంతముగా మలచు పరిశ్రమను మనము తగినంతగా పెంచుకొనలేదు. ఇదియే మన దౌర్బల్యము.

2023లో గనుల మంత్రిత్వశాఖ 30 ఖనిజములను కీలకములని ప్రకటించెను. వానిలో లిథియము, కోబాల్టు, నికెలు పూర్తిగా దిగుమతులేనని ఆ నివేదికయే యొప్పుకొనెను. ఆ యేడే జమ్మూ ప్రాంతమందలి రియాసీలో 59 లక్షల టన్నుల లిథియము కలదని విని దేశము సంబరపడెను. అది లోహము కాదు, ముడిరాయి. అదియు తొలి యంచనాయే. చాలినంతమంది పాటదారులు రాక 2024లో వేలము రద్దయ్యెను. భూమిలో నున్నదెల్ల చేతిలో నున్నట్లు కాదు.

ఇక కొందరు, "చట్టములే అడ్డు, వానిని తొలగింపుడు" అనుచున్నారు. న్యాయవాదిగా నేను దీని నంగీకరింపజాలను. బొర్రా ప్రాంతపు గిరిజనుల పక్షమున సమత సంస్థ నడిపిన వ్యాజ్యములో 1997లో సుప్రీముకోర్టు, షెడ్యూల్డు ప్రాంతములందు ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు గనుల కౌలు కీయరాదని తీర్పు చెప్పెను. అట్టి తీర్పు గల దేశమున, 2025 సెప్టెంబరులో పర్యావరణ మంత్రిత్వశాఖ కీలక ఖనిజముల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని యుత్తరువు చేసెను. జాలరి పడవ నిలుపుకొను తీరమును, గిరిజనుడు దున్నుకొను కొండను వారి నడుగకయే త్రవ్వుట స్వదేశి యగునా? పరుల పెత్తనము పోయి మనవారి పెత్తనము వచ్చినంత మాత్రమున అన్యాయము న్యాయము కానేరదు.

గనులు వలదని నా వాదము కాదు. 2025 జనవరిలో కీలక ఖనిజముల కార్యక్రమమునకు 16,300 కోట్ల రూపాయల వ్యయము నిర్ణయమయ్యెను. ఆ ధనము ముందుగా శుద్ధిచేయు విద్యకు, అయస్కాంతముల కర్మాగారములకు, పాతబడిన బ్యాటరీలనుండి లోహములను మరల తీయుటకు వినియోగపడవలెను. త్రవ్వవలసినచోట గ్రామసభ నడిగి, లాభములో వారికి పాలిచ్చి త్రవ్వవలెను.

ఇసుక నమ్ముకొనుట సంపద కాదు. దానిని లోహముగా మార్చు నేర్పే సంపద. ఆ నేర్పు నార్జించునంతకాలము మన తీరవాసుల, కొండవాసుల నోరు మూయింపకుండుట మన ధర్మము.