ఫోనులో తెలుగు పుస్తకాలు

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ దారిలో వెళ్తే సిల్తారా వస్తుంది. అన్నీ స్పాంజ్ ఐరన్, ఉక్కు ఫ్యాక్టరీలే. అలాంటి చోట షిఫ్టు దిగి తెలుగు పుస్తకం చదవాలంటే ఫోనే దగ్గరి గ్రంథాలయం.

ముందు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ తెరవండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించే పథకం తలపెట్టారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అందులో నుంచి వచ్చిందే. అక్కడి తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇప్పుడు ఆర్కైవ్‌లో దొరుకుతాయి. చిక్కల్లా పేర్లతోనే! చాలావాటికి ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేశారు. ఒక పేరును రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకండి. రచయిత పేరుతోనూ వెతకండి. కొన్ని పేజీలు వంకరగా ఉంటాయి, సర్దుకోవాలి.

శుభ్రంగా టైపు చేసిన పాఠం కావాలంటే తెలుగు వికీసోర్స్ ఉంది. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి కనుక గురజాడ, కందుకూరి వంటివారి రచనలను నిశ్చింతగా దించుకోవచ్చు. పాత మాట అడ్డొస్తే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటువులు చూడండి.

పిల్లల చదువుకైతే ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ మంచిది. పరిశోధన చేసేవారికి శోధగంగలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు పూర్తిగా దొరుకుతాయి. స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష రుసుము కట్టాలి.