ఆత్రంగా చదవవలసిన పుస్తకాలు

(నల్లజాతి రచయితల థ్రిల్లర్లు, అద్భుత కథనాల మీద స్మారకోపన్యాసం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆయన కవి కాదు, విమర్శకుడూ కాదు. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు నడిపిన మనిషి. ఆయన అరల్లో విశ్వనాథ నవలల పక్కనే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు ఉండేవి. అద్దెకు వెళ్లిన పుస్తకం ఎంత త్వరగా తిరిగొస్తే అంత మంచిదని ఆయన లెక్క. సాహిత్య విమర్శ ఈ లెక్కను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ లెక్కకు నిలబడే పుస్తకాల గురించే ఇవాళ మాట్లాడబోతున్నాను.

మనలో ఎక్కువమందికి నల్లజాతి సాహిత్యం అలెక్స్ హేలీ 'రూట్స్'తో, అంటే సహవాసి గారి 'ఏడు తరాలు'తో పరిచయమైంది. మూలమూ గొప్పది, అనువాదమూ గొప్పది. అయితే దాంతో మనకొక అలవాటు పడిపోయింది. నల్లజాతి రచయిత పుస్తకం అనగానే గుడిలోకి వెళ్తున్నట్టు చెప్పులు విడిచి లోపల అడుగుపెడతాం. వాళ్ల బాధను చదివి, తల వంచుకుని బయటికొస్తాం. బాధపడినవాడికి చమత్కారం ఉంటుందని, చదివేవాణ్ణి తెల్లవార్లూ మేలుకోబెట్టాలన్న పంతం ఉంటుందని మనకు తోచదు. ఈ గౌరవం కొంచెం తగ్గితే మంచిదని నా ఉద్దేశం.

థ్రిల్లర్‌కు పైకి చెప్పని ఒప్పందం ఒకటుంది. ఎక్కడో తప్పు జరుగుతుంది, చట్టం వస్తుంది, లోకం మళ్లీ సర్దుకుంటుంది. ఫాంటసీకీ అలాంటిదే ఉంది: నాయకుడు వేరే లోకానికి వెళ్లి, ఏదో గెలుచుకుని ఇంటికొస్తాడు. చట్టం ఎన్నడూ తన పక్షాన లేనివాడు, ఇల్లు అనేది ఎన్నడూ భద్రం కానివాడు ఇవే కథలు రాయడానికి కూర్చుంటే ఏమవుతుంది? కథలో ఉత్కంఠ పుట్టే చోటే మారిపోతుంది. వీళ్లు తమ చరిత్రను ఉపన్యాసాల్లో పెట్టలేదు, ఆ ఉత్కంఠలో పెట్టారు. అందుకే ఆత్రంగా చదివితేనే ఈ పుస్తకాలు సరిగా అందుతాయి.

చెస్టర్ హైమ్స్‌తో మొదలుపెడతాను. ఆయన మీద నాకు పక్షపాతం ఉంది. 1909లో మిస్సోరిలో పుట్టాడు. పందొమ్మిదేళ్లకే దోపిడీ కేసులో ఒహాయో జైలుకెళ్లి ఏడేళ్లకు పైగా గడిపాడు. 1930లో ఆ జైలు తగలబడి మూడు వందల మందికి పైగా ఖైదీలు చనిపోయారు. ఆ మంటల మీద ఆయన రాసిన కథను 1934లో 'ఎస్క్వైర్' పత్రిక వేసింది. అప్పటికింకా ఆయన లోపలే ఉన్నాడు. బయటికొచ్చాక గంభీరమైన నవలలు రాశాడు గానీ అమెరికాలో అవి ఆయనకు అన్నం పెట్టలేదు. 1953లో యూరప్ వెళ్లిపోయాడు. పారిస్‌లో డబ్బుకు కటకటలాడుతున్న రోజుల్లో మార్సెల్ దుహామెల్ ఆయన్ని డిటెక్టివ్ నవల రాయమన్నాడు. గాలిమార్ సంస్థ తరఫున 'సెరీ న్వార్' అనే అపరాధ నవలల వరుసను నడిపే సంపాదకుడాయన. అలా వచ్చిన మొదటి నవలకు 1958లో ఫ్రాన్సులో అపరాధ సాహిత్యానికిచ్చే పెద్ద బహుమతి దక్కింది. న్యూయార్క్‌లోని హార్లెమ్ కథలు సముద్రానికి ఇవతల కూర్చుని రాసినవి, చాలామటుకు మొదట ఫ్రెంచిలో వెలుగు చూసినవి!

ఆ నవలల్లో ఇద్దరు నల్లజాతి డిటెక్టివులుంటారు, గ్రేవ్ డిగ్గర్ జోన్స్, కాఫిన్ ఎడ్ జాన్సన్. ఎడ్ ముఖం మీద ఎవడో ఆసిడ్ పోశాడు, ఆ మచ్చలతో తిరుగుతుంటాడు. వీళ్లు తెల్లవాళ్ల పోలీసుశాఖలో జీతగాళ్లు, తమ జనాన్నే కొడతారు, కాలుస్తారు. అయినా ఆ జనానికి వీళ్లు తప్ప దిక్కు లేదు. 1965లో వచ్చిన 'కాటన్ కమ్స్ టు హార్లెమ్' చూడండి. ఆఫ్రికాకు తీసుకుపోతానని ఒక దొంగ పాస్టరు 87 కుటుంబాల దగ్గర తలా వెయ్యి డాలర్లు వసూలు చేస్తాడు. ముసుగుల్లో వచ్చిన తెల్లవాళ్లు ఆ సొమ్మును ఎత్తుకుపోతారు. పారిపోతుంటే లారీ నుంచి ఒక పత్తి బేలు జారి రోడ్డు మీద పడుతుంది, డబ్బు అందులో ఉంది. హార్లెమ్ నడివీధిలో పత్తి బేలు! ఎవరి తాతముత్తాతలు ఏ పంట కోసం సంకెళ్లలో బతికారో ఆ పంట, ఇప్పుడు వాళ్ల కష్టార్జితాన్ని కడుపులో దాచుకుని వీధివీధీ తిరుగుతుంటుంది. హైమ్స్ దీని మీద ఒక్క వ్యాఖ్యా చేయడు. బేలు ఎక్కడుందని మనల్ని పరుగెత్తిస్తాడంతే.

ముగింపు ఇంకా ఘాటైనది. కల్నల్ అనే దక్షిణాది దొర హంతకుడని డిటెక్టివులకు తెలుసు. అతన్ని పట్టుకోవచ్చు, కానీ పట్టిస్తే ఆ కుటుంబాల డబ్బు తిరిగి రాదు. అందుకని 87,000 డాలర్లు కట్టించుకుని వదిలేస్తారు. నేరానికి శిక్ష పడాలన్న డిటెక్టివ్ నవల మూలసూత్రాన్నే హైమ్స్ అలా బేరానికి పెట్టాడు. 1969లో వచ్చిన 'బ్లైండ్ మ్యాన్ విత్ ఎ పిస్టల్'లో ఆ బేరం కూడా లేదు. హత్యలు తేలవు. ఆ ఇద్దరు డిటెక్టివులూ చివర్లో కూల్చేస్తున్న ఇళ్ల నుంచి బయటికొచ్చే ఎలుకల్ని కాలుస్తూ నిలబడతారు. ఇదేం నవల అని పుస్తకం విసిరేసినవాళ్లున్నారు. నాకది ఆయన రాసినవాటిలోకెల్లా నిజాయితీ గల ముగింపు అనిపిస్తుంది.

హైమ్స్ కంటే ముందు కూడా దారి ఉంది. ఎక్స్‌రే వైద్యుడైన రుడాల్ఫ్ ఫిషర్ 1932లోనే పాత్రలన్నీ నల్లజాతివాళ్లే అయిన డిటెక్టివ్ నవల రాశాడు. తరవాతివాళ్లలో వాల్టర్ మోస్లీ ఉన్నాడు. 1990 నాటి ఆయన 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్' 1948 లాస్ ఏంజెలెస్‌లో నడుస్తుంది. యుద్ధం చేసొచ్చిన ఈజీ రాలిన్స్ ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఇంటి మీద అప్పు వాయిదా కట్టాలి, అందుకే వెతుకులాట పనికి ఒప్పుకుంటాడు. న్యాయం కోసం కాదు, ఇల్లు నిలుపుకోవడం కోసం. తెల్లవాడు అడుగుపెట్టలేని సారా కొట్లలోకి ఇతను వెళ్లగలడు, అదే అతని అర్హత. వెతుకుతున్న అమ్మాయి ఎవరో నేను చెప్పను.

అట్టికా లాక్ 'బ్లూబర్డ్, బ్లూబర్డ్'కు 2018లో అపరాధ సాహిత్యానికిచ్చే ఎడ్గర్ బహుమతి వచ్చింది. తూర్పు టెక్సాస్‌లో ఒక పల్లె, కేఫ్ వెనక వాగు. మొదట నల్లజాతి లాయరు శవం తేలుతుంది, తరవాత ఊళ్లోని తెల్ల యువతి శవం. ఆ ప్రాంతపు పాత కథల్లో వరస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు తెల్లమ్మాయి చనిపోతుంది, ఆ నేరం మోపి నల్లవాణ్ణి చంపుతారు. ఇక్కడ వరస మారింది, చిక్కుముడి అంతా ఆ మార్పులోనే ఉంది. ఆ నేల చరిత్ర తెలియనివాడికి అసలు ప్రశ్నే కనపడదు.

ఇక అద్భుత కథల వైపు వద్దాం. ఆక్టేవియా బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేది, దొడ్డిదారిన లోపలికి వెళ్లేది. కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, మన పాతతరంవాళ్లు ఎందుకంత అణిగిమణిగి ఉన్నారని మండిపడ్డాడట. బట్లర్ అతనితో వాదించడానికి బదులు 1979లో 'కిండ్రెడ్' రాసింది. 1976లో కొత్తింట్లో పుస్తకాలు సర్దుకుంటున్న డానా అనే రచయిత్రి కళ్లు తిరిగి పడిపోతుంది. లేచేసరికి ఒక ఏటి ఒడ్డున ఉంటుంది, నీళ్లలో తెల్లపిల్లాడు మునిగిపోతుంటాడు. అది పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్, బానిసల తోట. ఆ పిల్లాడు యజమాని కొడుకు రూఫస్. వాడికి ప్రాణం మీదికొచ్చినప్పుడల్లా డానా అక్కడికి లాగబడుతుంది. తన ప్రాణం పోతుందన్న భయం కలిగినప్పుడే ఇంటికొస్తుంది.

యంత్రం లేదు, శాస్త్ర వివరణ లేదు. ఉన్నదల్లా ఒక దారుణమైన లెక్క. రూఫస్‌కు స్వేచ్ఛగా పుట్టి బానిసైన ఆలిస్ అనే స్త్రీ వల్ల కలగబోయే బిడ్డే డానా వంశానికి మూలం. ఆ బిడ్డ పుట్టకపోతే డానా లేదు. కాబట్టి రూఫస్ బతకాలి. పెరిగి తండ్రిలాగే తయారవుతున్నా బతకాలి. ఆలిస్‌ను అతని దగ్గరికి వెళ్లమని ఒప్పించే పని కూడా డానా మెడకే చుట్టుకుంటుంది. మామూలు థ్రిల్లర్‌లో దుర్మార్గుడు ఎప్పుడు చస్తాడా అని పేజీలు తిప్పుతాం. ఇక్కడ వాడు చావకూడదని తిప్పుతాం. అణిగిమణిగి ఉండడం ఎలా వస్తుందో డానాతో పాటు మనకూ ఒంటికి తెలుస్తుంది, దినదినమూ కొంచెం కొంచెంగా. ఆఖరిసారి తిరిగొచ్చినప్పుడు ఆమె ఎడమ చెయ్యి రాలేదు. ఈ సంగతి నవల మొదటి పేజీలోనే ఉంది, నేనేమీ గుట్టు విప్పలేదు.

ఈ తోవ సులువుగా తెరుచుకోలేదు. శామ్యూల్ డిలేనీకి అరవైల్లోనే సైన్స్ ఫిక్షన్‌కిచ్చే నెబ్యులా బహుమతి వచ్చింది. అయినా ఆయన 'నోవా'ను తన పత్రికలో సీరియల్‌గా వేయడానికి జాన్ క్యాంప్‌బెల్ ఒప్పుకోలేదు. నల్లజాతి నాయకుణ్ణి తన పాఠకులు తమవాడనుకోలేరన్నది ఆ సంపాదకుడి సాకు.

ఈ అద్భుత కథలు అమెరికాకే పరిమితమైన సంగతి కూడా కాదు. నైజీరియాలో ఫాగున్వా 1938లోనే యోరుబా భాషలో వేటగాడి అడవి ప్రయాణాన్ని నవలగా రాశాడు. దాన్ని సోయింకా 1968లో ఇంగ్లీషు చేశాడు. లేగోస్‌లో ప్యూనుగా పనిచేసిన ఆమోస్ టుటువోలా 1952లో 'ది పామ్-వైన్ డ్రింకార్డ్' తెచ్చాడు. అందులో ఒక అందగాడు సంతకొస్తాడు, ఒక అమ్మాయి వద్దన్నా వినకుండా వెంటపడుతుంది. ఇంటిదారిలో ఆ అందగాడు అద్దెకు తెచ్చుకున్న కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే ఎవరివి వాళ్లకు అప్పజెపుతూ పోతాడు. చివరికి పుర్రె మిగులుతుంది. కాశీ మజిలీ కథలతో పెరిగిన మనకు ఇదేమీ కొరుకుడు పడనిది కాదు. టుటువోలా ఇంగ్లీషు తప్పులతడకని నైజీరియా చదువరులే కొందరు సిగ్గుపడ్డారు.

విక్టర్ లవాల్ చేసింది ఇంకోరకం పని. భయానక కథలకు పెద్దదిక్కుగా చెప్పుకునే లవ్‌క్రాఫ్ట్ పచ్చి జాత్యహంకారి. ఆయన తల బొమ్మనే వరల్డ్ ఫాంటసీ బహుమతిగా ఇచ్చేవారు. 2011లో ఆ బహుమతి అందుకున్న నెడి ఒకోరాఫర్, ఈ తలను ఇంట్లో ఎలా పెట్టుకోనని బాహాటంగానే అడిగింది. 2015లో ఆ బొమ్మను ఆపేశారు. ఆ మరుసటి ఏడాది లవాల్, లవ్‌క్రాఫ్ట్ కథ ఒకదాన్ని హార్లెమ్ కుర్రాడి వైపు నుంచి తిరగరాశాడు. ఆ కుర్రాడి తండ్రిని ఒక తెల్ల డిటెక్టివ్ కాల్చి చంపుతాడు, చేతిలోని గిటారు తుపాకీ అనుకున్నానంటాడు. ఆ మాట విన్నాక, లవ్‌క్రాఫ్ట్ కథల్లో సముద్రం అడుగున నిద్రపోతున్న రాక్షస దైవాలకు కుర్రాడు భయపడడం మానేస్తాడు.

తనానరివ్ డ్యూ 'ది రిఫార్మేటరీ' 2023లో వచ్చింది. ఫ్లోరిడాలోని మారియానాలో డోజియర్ స్కూలు అని పిల్లల జైలు ఒకటుండేది, 2011లో మూసేశారు. తరవాత యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడా పరిశోధకులు ఆ ఆవరణలో తవ్వితే 55 సమాధులు బయటపడ్డాయి. ప్రభుత్వ లెక్కకంటే చాలా ఎక్కువ. అక్కడ 1937లో చనిపోయిన రాబర్ట్ స్టీఫెన్స్ అనే కుర్రాడు డ్యూకు తల్లి తరపు బంధువు. తవ్వకాల విషయమై ఫ్లోరిడా అటార్నీ జనరల్ కార్యాలయం నుంచి 2013లో ఫోనొచ్చేవరకూ అలాంటివాడొకడున్నాడని ఆమెకు తెలియదు. ఆ పేరే పన్నెండేళ్ల కథానాయకుడికి పెట్టింది. అతనికి దయ్యాలు కనపడతాయి. ఆ జైలు వార్డెనుకు దయ్యాలంటే భయం, ఎందుకంటే అవి సాక్షులు. కుర్రాడి చేతే వాటిని పట్టించాలని చూస్తాడు. ఇదే స్కూలు మీద కోల్సన్ వైట్‌హెడ్ 'ది నికెల్ బాయ్స్' రాసి పులిట్జర్ అందుకున్నాడు. దయ్యాల్లేని, పొదుపైన, గొప్ప నవల. రెంటిలో విమర్శకులకు ఏది ఇష్టమో ఊహించగలను. నా ఓటు డ్యూకే. నోరు లేకుండా పోయిన పిల్లల్ని కథలో మాట్లాడించడానికి వాస్తవికతకు దారి లేదు, దయ్యాల కథకు ఉంది. పైగా తప్పించుకునే ఘట్టాల్లో గుండె నోట్లోకొస్తుంది.

అన్నీ గొప్పవేనని చెప్పను. ఎన్.కె. జెమిసిన్ 2016, 2017, 2018 సంవత్సరాల్లో ఒకే కథ మూడు సంపుటాలకు వరసగా మూడు హ్యూగో బహుమతులు గెలిచింది. భూకంపాల్ని ఆపగలిగేవాళ్లనే ఈసడించే ఆమె లోకం అపూర్వమైనదే, కానీ మూడో సంపుటంలో వివరణ బరువెక్కి కథ కుంటుతుంది. మార్లన్ జేమ్స్ 'బ్లాక్ లెపర్డ్, రెడ్ వుల్ఫ్' కావాలనే పాఠకుణ్ణి అడవిలో వదిలేస్తుంది, నేను అతి కష్టం మీద ముగించాను.

మొదట ఏది చదవాలని ఎలాగూ అడుగుతారు. ఒయింకన్ బ్రెయిత్‌వెయిట్ 'మై సిస్టర్, ద సీరియల్ కిల్లర్' చిన్నది, లేగోస్‌లో జరుగుతుంది. అందంగా ఉండే చెల్లెలు ప్రియుల్ని చంపుతుంటే, నర్సుగా పనిచేసే అక్క బ్లీచింగ్‌తో నేల కడుగుతుంటుంది. దారిలో ఆపి లంచమడిగే పోలీసు మనకు బాగా తెలిసినవాడే. తరవాత మోస్లీ, ఆపైన హైమ్స్. 'కిండ్రెడ్' మాత్రం మర్నాడు ఆఫీసు ఉన్న రాత్రి మొదలుపెట్టకండి.