సెల్‌ఫోనుతో సేద్యపు చదువు



మన తిరువూరు ప్రాంతం మెట్ట సీమ. మామిడి తోటలున్నాయి, పత్తి ఉన్నది, మిరప ఉన్నది, నీటి వసతి గల చోట వరి ఉన్నది. ఈ పంటలతో పాటు ఈనాడు ఇంచుమించు ప్రతి ఇంటికీ ఒక కొత్త పనిముట్టు వచ్చి చేరింది. అదే సెల్‌ఫోను. గొర్రుకూ, గుంటకకూ, స్ప్రేయరుకూ వాడుక తెలియాలి గదా, దీనికీ అంతే. ఫోను ద్వారా సేద్యం నేర్చుకోవడం ఎలాగ, అందులో మేలు ఎంత, జాగ్రత్త పడవలసింది ఎక్కడ అనే సంగతులు ఇవాళ మీకు మనవి చేస్తాను.

ముందు 2021వ సంవత్సరం గుర్తు చేసుకుందాం. ఆ యేడు మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకు పడింది. పూవులో దూరి రసం పీల్చింది. పూత రాలింది, కాపు నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఎందరో రైతులు నష్టపోయారు. కొందరు విసిగి తోటలే పీకివేశారు. అది మన రైతులు ఎరిగిన తామర పురుగు కాదు. పరాయి దేశం నుంచి వచ్చిన జాతి. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది.

అటువంటి ఆపద సమయాన రైతు చేతిలోని ఫోనుకు పది వైపుల నుంచి పది సలహాలు వస్తాయి. ఒకరు ఈ మందు అంటారు, ఒకరు ఆ మందు అంటారు. ఏది నిజమో తేల్చుకునే లోపల మూడు మందులు కలిపి కొట్టడం జరుగుతుంది. విచక్షణ లేకుండా మందులు కొడితే మేలు చేసే పురుగులు చచ్చి, కీడు చేసేవి మరింత పెరుగుతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. చేను పోతుంది, చేతి డబ్బూ పోతుంది. కాబట్టి సమాచారం అందడం ఒకటి, చదువు అబ్బడం మరొకటి. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియకపోతే ఫోను వల్ల లాభం కన్న నష్టమే ఎక్కువ కావచ్చు.

ఈ తేడాను మన దేశంలో చాలా కాలం క్రిందటే పరీక్షించి చూశారు. 1956లో పూనా ప్రాంతంలో 150 గ్రామాలలో రేడియో గోష్ఠులు పెట్టారు. ఊరికి ఇరవైమంది చొప్పున రైతులు ఒకచోట కూడి కార్యక్రమం వినేవారు. విన్న తరువాత దాన్ని గురించి చర్చించేవారు. తమ సందేహాలు రేడియో వారికి తెలియజేసేవారు. తరువాత లెక్క చూస్తే, గోష్ఠి జరిగిన గ్రామాలలో రైతుల తెలివిడి బాగా పెరిగింది. రేడియో ఉండి గోష్ఠి లేని గ్రామాలలో అంత పెరగలేదు. పెట్టె ఒకటే, మాట ఒకటే. తేడా తెచ్చింది పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం, ఎదురు ప్రశ్న వేయడం. 1959 నుంచి ఆ గోష్ఠులను దేశంలో విస్తరింపజేశారు.

ఇక మన తెలుగు నేల మీద జరిగిన ప్రయోగం ఒకటి చెబుతాను. 2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు వరంగల్లు జిల్లా ఆత్మకూరు మండలంలో ‘ఈ-సాగు’ అనే పద్ధతి మొదలు పెట్టారు. ఊళ్ళో కాస్త చదువుకున్న మనిషిని ఎంచుకున్నారు. అతను చేను చేనుకూ వెళ్ళి పైరు ఫోటోలు తీసి, ఎప్పుడు విత్తారు, ఏమి కొట్టారు, ఏమి వేశారు అన్నీ వ్రాసి పెట్టేవాడు. అప్పుడు పల్లెల్లో ఇంటర్నెట్టుకు అంత బలం లేదు. కనుక ఫోటోలను సీడీలకెక్కించి కొరియరులో హైదరాబాదు పంపేవారు. అక్కడి వ్యవసాయ నిపుణులు ఒక్కొక్క చేనుకూ వేరు వేరుగా సలహా వ్రాసి పంపితే, ఆ మనిషే రైతుకు చదివి వినిపించేవాడు. మొదటి యేడు వెయ్యికి పైగా పత్తి చేలకు ఈ విధంగా సలహాలు అందాయి. అందరికీ ఒకే సలహా కాదు. ఎవరి చేనుకు తగిన సలహా వారికి. నిపుణుడు చేను చూశాడు, రైతు చెప్పింది విన్నాడు, ఆ తరువాతే మాట్లాడాడు. ఇందులోని కిటుకంతా అదే.

మరొకటి వీడియో పద్ధతి. 2006లో బెంగుళూరులో డిజిటల్ గ్రీన్ అనే ప్రయత్నం మొదలైంది. సినిమా తారలను కాదు, ఆ చుట్టుపట్ల రైతులనే వారి చేలోనే చిత్రం తీసి, పక్క ఊరి రైతులకు చూపించారు. కర్ణాటకలో 16 గ్రామాలలో పరీక్షించగా, మామూలు విస్తరణ పద్ధతిలో కన్న కొత్త పనులు అవలంబించినవారు సుమారు ఏడు రెట్లున్నారు. అయితే వీడియో చూపించి ఊరుకోలేదు సుమండీ. ఊరి మనిషి ఒకరు దగ్గరుండి, మధ్య మధ్య బొమ్మ ఆపి, “ఇప్పుడేమి చేశాడు? మీ చేలో ఇది కుదురుతుందా?” అని అడిగేవారు. తరువాత ఎవరు ఆచరించారో చూసేవారు.

“అయితే ఫోను వల్ల దిగుబడి ఎంత పెరుగుతుంది?” అని మీరడగవచ్చు. ఉన్నమాట చెబుతాను. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు వారు కలిసి 175 మంది వేరుశెనగ రైతులకు, ఎప్పుడు విత్తాలో తెలుగులో ఫోను సందేశాలు పంపారు. దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ప్రకటించారు. అది ఒక్క మండలంలో, ఒక్క పంట కాలపు సంగతి. 2019లో ‘సైన్స్’ పత్రికలో మన దేశపు, ఆఫ్రికా దేశాల పరిశోధనలెన్నిటినో కూడి లెక్క తేల్చారు. ఫోను సలహాల వల్ల దిగుబడి సగటున 4 శాతం పెరిగినట్లు తేలింది. ఎకరాకు 20 క్వింటాళ్ళ మిరప తీసే రైతుకు అది 80 కిలోలు. కొట్టిపారేసేంత తక్కువ కాదు, ఆశపెట్టుకుని అప్పు చేసేంత ఎక్కువా కాదు. ఫోను మంత్రదండం కాదు, మంచి పనిముట్టు.

ఇక ఆచరణకు వద్దాం.

మొదటిది, అడగడం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కిసాన్ కాల్ సెంటరు 2004 నుంచి పనిచేస్తున్నది. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అడిగేటప్పుడు పంట వయసు, రకం, నేల, నీరు, ఇంతకు ముందు కొట్టిన మందులు అన్నీ చెప్పండి. సగం చెబితే సగం సలహాయే వస్తుంది.

రెండవది, చూపించడం. ఫోటో చూసి తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ వంటి సాధనాలు తెలుగులో వచ్చాయి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ కూడా వచ్చింది. కాని వాటికి మనం చూపించిందే తెలుస్తుంది. మిరపాకు దోనెలాగా పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని. అంచులు కిందికి తిరిగి తిరగేసిన దోనెలాగా ఉంటే నల్లి. ఒకదాని మందు రెండవదానికి పనిచేయకపోవచ్చు. అందుచేత మొక్క మొత్తం ఒక ఫోటో, ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, పూవు ఒకటి తియ్యండి. పూవును తెల్ల కాగితం మీద తట్టి చూడండి, పురుగులుంటే రాలుతాయి. దానికీ ఒక ఫోటో తియ్యండి.

మూడవది, సరిచూసుకోవడం. ఫోను ఎంత ధీమాగా చెప్పినా, మందు కొనేముందు గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణో, ఉద్యాన సహాయకుణ్ణో ఒక మాట అడగండి. డబ్బా మీద రిజిస్ట్రేషను నంబరు లేని మందు ముట్టవద్దు. బిల్లు లేకుండా కొనవద్దు. ఎవరైనా ఫోను చేసి ఓటీపీ చెప్పమంటే, అది సేద్యపు సలహా కాదు, దొంగతనం.

నాలుగవది, చేసి చూడడం. కొత్త పద్ధతి ఏదైనా విన్నప్పుడు చేనంతా చేయనక్కరలేదు. నాలుగు సాళ్ళలో చేసి, పక్కన నాలుగు సాళ్ళు మామూలుగా వదలండి. తేదీ, ఖర్చు, దిగుబడి నోటుపుస్తకంలో వ్రాయండి. ఫోను చెప్పిన పాఠాన్ని దిద్దేది చేనే.

అయిదవది, పదిమందితో చెప్పుకోవడం. గంపలగూడెంలో గాని, విస్సన్నపేటలో గాని, ఎ.కొండూరులో గాని, వారానికొక సాయంత్రం పదిమంది రైతులు కూర్చోండి. ఒక వీడియో చూడండి, మధ్యలో ఆపండి, వాదించుకోండి. తేలని ప్రశ్నలు కాగితం మీద వ్రాసి పంపండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతుల ఫోన్లకు సందేశం పంపడంతో మీ పని తీరదు. ఎంతమందికి చేరిందో గాక, ఎంతమంది తిరిగి అడిగారో లెక్క పెట్టండి. మీకు తెలియని ప్రశ్నను గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రానికో, లాం మిరప శాస్త్రజ్ఞులకో పంపి, జవాబు తెచ్చి అడిగిన రైతుకు చెప్పండి. ఒక్కసారి జవాబు రాకపోతే రైతు మళ్ళీ అడగడు.

చివరగా ఆడవారి సంగతి. కలుపు తీసేది వారు, కాయ కోసేది వారు. ఆకు ముడుత ముందుగా కనబడేది వారికే. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు సగానికి కొంచెం తక్కువ. చేలో చూసే కన్ను ఒకరిదైతే, అడిగే ఫోను మరొకరి జేబులో ఉంటున్నది. మధ్యలో పురుగుకు నాలుగు రోజులు గడువు దొరుకుతున్నది. ఇంట్లో ఆడవారికి ఫోను వాడడం నేర్పండి, గోష్ఠికి పిలవండి, వారి మాట వినండి.

వినడం, అడగడం, చేసి చూడడం, తిరిగి చెప్పడం. ఈ నాలుగూ ఉన్న చోట ఫోను బడి అవుతుంది. ఈ వారమే మీ చేలో అనుమానంగా ఉన్న ఒక మొక్కను ఎంచుకుని, ఒక ప్రశ్న అడిగి చూడండి. పైరు చేతికి వచ్చే ముందే ప్రశ్న నోటికి రావాలి.