ఎంగిలాకులోని అగ్ని

(మిష్రిఫ్‌లో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కువైట్‌లో పుట్టి పెరిగిన మీతో ఇంధనం గురించి మాట్లాడడం కొంత సాహసమే. ఇంత చమురున్న నేల మీద నిలబడి నేను చెప్పబోయేది ఎంగిలి అన్నం గురించి.

ఇందాక భోజనాల దగ్గర నిండిన సంచులను మీరూ చూశారు. అవి చెత్త దిబ్బకు చేరి, గాలి సోకని లోతున కుళ్ళితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. మనకు దగ్గరలోనే, ఖురైన్‌లో ఒక పాత దిబ్బను 1985లో మూసివేశారు. పక్కన ఇళ్ళు వెలిశాయి గాని, అడుగున మగ్గిన వాయువు ఆ ఇళ్ళవారిని వదలలేదు. చివరకు గొట్టాలు దింపి దానిని బయటకు తీయవలసి వచ్చింది.

అదే వాయువును మూతపెట్టి పట్టుకుంటే వంటచెరకు. ఈ పాఠం నాకు వైద్య కళాశాల కంటే ముందు తెనాలి దగ్గర మా పెరడు చెప్పింది. మా నాయనమ్మ నలభై ఏళ్ళు పిడకల పొయ్యి ఊదింది. 1980లలో మా ఇంటికి గోబర్ గ్యాస్ వచ్చినప్పుడు, ఆ నీలి మంటను చూసి "పొగ లేనిది నిప్పెలా అవుతుందే?" అంది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె దగ్గుకు పేరు నాకు తరువాత పాఠ్యపుస్తకంలో దొరికింది.

ఒకసారి మా మేనత్త పెళ్ళిలో మిగిలిన అన్నం, పులిహోర అంతా ఒకే రోజు ఆ తొట్టిలో పోశారు. నాలుగో రోజుకు మంట ఆరిపోయింది. ఆ తొట్టి నిజానికి ఒక కడుపు. అందులో ఒక జాతి సూక్ష్మజీవులు ఆహారాన్ని చకచకా ఆమ్లాలుగా మారుస్తాయి. మరొక జాతి ఆ ఆమ్లాలను తీరికగా మీథేన్‌గా మారుస్తుంది. మేత మితిమీరితే ఆమ్లం పెరిగి రెండవ జాతి చచ్చిపోతుంది. గింజలు విపరీతంగా మేసిన ఆవుకు వచ్చే జబ్బూ ఇటువంటిదే. వైద్యం లంఖణమే! మేత ఆపి, కొద్దిగా సున్నం, కొత్త పేడ కలిపితే కొన్ని వారాలకు మంట తిరిగి వచ్చింది.

ఇది పెరటి ముచ్చటగా మిగిలిపోలేదు. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుండి 500 యూనిట్ల దాకా విద్యుత్తు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. ఆ పరిజ్ఞానం తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలది. ఆ మార్కెట్ క్యాంటీన్ వంటకూ ఆ వాయువునే వాడారు. ఇటువంటి వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను, గంధకపు వాయువును తొలగించి పీడనంతో నింపితే వాహనాలూ నడుస్తాయి.

వైద్యురాలిని కనుక దుష్ఫలితం కూడా చెప్పాలి. గొట్టం కారితే మీథేన్ ఆకాశానికే పోతుంది, మేలంతా తలక్రిందులవుతుంది. వాయువు కోసమని పంట పండించడం కూడా నాకు రుచించదు. అన్నం ముందు మనిషికి, మిగిలినదే తొట్టికి.

మీలో ఇంజనీర్లున్నారు. వచ్చే ఉగాదికి భోజనశాల గుమ్మం దగ్గర ఒక కాటా పెడదాం. మిగులు ఎంతో తెలియకుండా తొట్టి కొలత వేయలేము. తూకం నేను చూస్తాను, లెక్క మీరు రాయండి.