బండి ఎందుకు ఆగింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చింది ఐదు నిమిషాలు. పాత కబుర్లు భోజనాల దగ్గర ఎలాగూ చెప్పుకుంటాం. ఇక్కడ ఒక్క ప్రతిపాదన చేస్తాను: మన బడిలో ఏటా పిల్లలు తయారుచేసిన బొమ్మ కార్ల పందెం పెడదాం.

నవ్వకండి. 'ఎఫ్‌1 ఇన్ స్కూల్స్' పేరుతో మొదలైన బడిపిల్లల పోటీ ఒకటుంది. 2005లో దాని ప్రపంచ స్థాయి ఫైనల్స్ మొదలయ్యాయి. పిల్లలే కంప్యూటర్లో డిజైన్ చేసి చిన్న కారు తయారుచేస్తారు. వెనక 8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెడతారు. దానికి రంధ్రం పడగానే గ్యాసు వెనక్కి తన్నుకొస్తుంది, కారు ముందుకు దూసుకుపోతుంది. 20 మీటర్ల ట్రాకును దాదాపు ఒక్క సెకనులో దాటేస్తుంది. అంటే సగటున గంటకు 72 కిలోమీటర్ల వేగం! న్యూటన్ మూడో సూత్రం బోర్డు మీద ఎన్నిసార్లు రాస్తే ఇంత బాగా ఎక్కుతుంది? పైగా వేగానికే మార్కులు కావు. డ్రాయింగులు, నివేదిక, జడ్జీల ముందు వివరించిన తీరు, అన్నీ లెక్కలోకి వస్తాయి.

అంత ఖర్చు మనకక్కర్లేదు. తాటికాయల బండి తోలినవాళ్లం మనం. పాత హవాయి చెప్పు కోస్తే చక్రాలు, సైకిల్ చువ్వతో ఇరుసు, అది తిరగడానికి స్ట్రా ముక్క, అట్టతో బాడీ, రబ్బరు బ్యాండే ఇంజను.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు వరండాలో ఇలాంటి పందెమే పెట్టారు. గెలిచిన బండికి చప్పట్లు కొట్టించి, ఆయన నేరుగా మధ్యలో ఆగిపోయిన బండి దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. అది ఎందుకు ఆగిందో చేసినవాడినే చెప్పమన్నారు. వాడు తిరగేసి చూశాడు. ఇరుసు వంకరగా ఉంది, చక్రం అట్టకి రాసుకుంటోంది. సరిచేశాడు. మధ్యాహ్నం అది వరండా చివరిదాకా వెళ్లింది. ఘర్షణ అన్న మాట ఆ రోజు మా వేళ్లకి తగిలింది.

ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం కూడా అదే: ఆగిన యంత్రం ఎందుకు ఆగిందో కనుక్కోవడం. ఇప్పుడు కొత్తగా చేరుతున్న ఇంజనీర్లకు మంచి మార్కులున్నాయి, తెలివి ఉంది. కానీ స్పానర్ పట్టుకోవడానికి జంకుతున్నారు. తప్పు వాళ్లది కాదు. విప్పి చూసే అవకాశం వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు.

మన పందేనికి నియమాలు నాలుగు చాలు. జట్టుకి ముగ్గురు, ఆడపిల్లలు కూడా రంపం పట్టాలి. ఖర్చు వంద రూపాయలు దాటకూడదు. బండి బడిలోనే తయారవ్వాలి, నాన్నగారు చేసిచ్చింది చెల్లదు. సగం మార్కులు నోటుపుస్తకానికి. చక్రం పెద్దదైతే చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది, కానీ కదలడానికి మొరాయిస్తుంది. చక్రం జారితే సైకిల్ ట్యూబు ముక్క తొడగాలి. ఇవన్నీ వాళ్లే కనిపెట్టి రాయాలి.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలనుకుంటున్నాం. ఆర్చికి నేను వ్యతిరేకిని కాను. దాన్ని కొంచెం చిన్నది చేసి, మిగిలిన డబ్బుతో ల్యాబులో పనిబల్ల, వైసు, రంపాలు, స్టాప్‌వాచీలు కొందామని నా మనవి. ఏటా రెండు రోజులు వచ్చి పిల్లల పక్కన కూర్చునే పూచీ నాది.

కలిసొచ్చే మిత్రులు భోజనాలయ్యాక ల్యాబు దగ్గరికి రండి. కొలతల టేపు తెచ్చాను.